ఉప్పు వెంటే నీరు



ఎండలు ముదిరిన రోజుల్లో, మళ్లీ తొలకరి పడి ఊరి నీళ్లు కలుషితమయ్యే రోజుల్లో ఆసుపత్రుల్లో పిల్లల వార్డులు ఒకే జబ్బుతో నిండుతాయి. వాంతులు, నీళ్ల విరేచనాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఐదేళ్లు నిండని పిల్లలు ఏటా నాలుగు లక్షల మందికి పైగా విరేచనాల వల్లే చనిపోతున్నారు. జబ్బు తెచ్చే క్రిములు చాలా రకాలు. ప్రాణం పోయే దారి మాత్రం ఎక్కువసార్లు ఒక్కటే, ఒంట్లోని నీరూ ఉప్పూ ఇంకిపోవడం.

నీరు పోతే నీళ్లు పడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఉత్త మంచినీళ్లు ఎన్ని పట్టినా బిడ్డ తేరుకోదు. అవే నీళ్లలో ఇంత ఉప్పు, ఇంత చక్కెర, కొలత తప్పకుండా కలిపి పట్టండి. కొన్ని గంటల్లో కళ్లు తేటపడతాయి, నాలుక తడి అవుతుంది, ఒంటికి వెళుతుంది. ఉప్పూ చక్కెరా ప్రతి వంటింట్లో ఉన్నవే. వాటికి ఈ బలం ఎక్కడిది? జవాబు కావాలంటే పేగు గోడలోని కణం దగ్గరికి, ఆ కణాన్ని చుట్టి ఉన్న పలుచని పొర దగ్గరికి వెళ్లాలి. ఆ పొరను ఏ పదార్థం ఎలా దాటుతుందన్నదే ఇవాళ మనం చెప్పుకోబోయే విషయం.

బడిపుస్తకాల్లో ఈ పొరను కణత్వచం అంటారు. దీని మందం సుమారు 5 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరును రెండు లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమన్నమాట. 1925లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎర్ర రక్తకణాల్లోంచి కొవ్వును వేరుచేసి, నీటి మీద ఒక్క వరసగా పరిచి కొలిచారు. ఆ కణాల ఉపరితలం ఎంతో, దానికి రెండింతల మేర పరుచుకుంది. దాన్నిబట్టి కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరసలుగా ఉన్నాయని తేల్చారు. ఒక్కో అణువుకు నీటిని ఇష్టపడే తల ఒకటి, నీటికి దూరంగా జరిగే తోకలు రెండు. తలలు కొన్ని బయటి నీటి వైపు, కొన్ని లోపలి నీటి వైపు తిరిగి ఉంటాయి. తోకలన్నీ మధ్యలోకి చేరతాయి.

కాబట్టి పొర నడిమి భాగమంతా కొవ్వే. ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు ఆ కొవ్వు గుండా హాయిగా దాటిపోతాయి. ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి వాటంతట అవే పరుచుకుంటాయి. దీన్నే విసరణ అంటాం. ప్రతి శ్వాసకూ ఊపిరితిత్తుల్లో జరుగుతున్నది ఇదే. ఇందులో కణానికి ఖర్చేమీ లేదు.

ఉప్పు సంగతి అలా కాదు. నీటిలో కరిగిన ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. వాటికి విద్యుదావేశం ఉంటుంది. ఆ ఆవేశాన్ని అంటిపెట్టుకుని చుట్టూ నీటి అణువులు ఉంటాయి. ఆ నీటిని వదిలించుకుని కొవ్వులోకి అడుగుపెట్టడం అయాన్ల వల్ల కాదు. గ్లూకోజు కూడా అంతే, దాని అణువు పెద్దది, పైగా నీటిని వదలనిది. ఇలాంటి వాటి కోసం పొరలో ప్రోటీన్లతో కట్టిన ద్వారాలున్నాయి. 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ పొరకు ఇచ్చిన స్వరూపం ఇప్పటికీ మనకు ఆధారం. కొవ్వు పొర గట్టిగా బిగుసుకుని ఉండదు, దాని అణువులు పక్కకు జరుగుతూనే ఉంటాయి. అందులో అక్కడక్కడ ప్రోటీన్లు పొదిగి ఉంటాయి. ఏది రావాలి, ఏది పోవాలి అని ఎంచేవి ఈ ప్రోటీన్లే.

ఇక నీరు. నీరు ఎటు పోతుందో మాగాయ పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. పుల్లటి మామిడికాయ చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీకి ఎత్తుతాం. చుక్క నీరు పొయ్యం. తడి తగలకూడదని జాడీని పొడిగుడ్డతో తుడిచి, ఎండలో పెట్టి మరీ వాడతాం. మూడో రోజు మూత తీస్తే లోపల ఊట నిలిచి ఉంటుంది. ఆ ముక్కలను పిండి ఎండలో వేస్తాం, ఊటను విడిగా ఎండబెడతాం. ఆ ఊటంతా మామిడి ముక్కల కణాల్లోంచి వచ్చిన నీరే. బయట ఉప్పు ఎక్కువైంది. లోపలి నీరు పొర దాటి ఉప్పున్న వైపు వచ్చేసింది. ముక్క మెత్తబడి వడలిపోయింది. పచ్చడిని పాడుచెయ్యడానికి వచ్చే సూక్ష్మజీవులకూ అదే గతి. వాటి కణాల్లోని నీటినీ ఉప్పు బయటికి లాగేస్తుంది. అందుకే ఊరగాయ ఏడాది నిలవుంటుంది.

కరిగిన పదార్థం తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు నీరు పొర దాటిపోవడాన్ని ద్రవాభిసరణ అంటారు. పేరు గుర్తులేకపోయినా పరవాలేదు, సూత్రం గుర్తుంచుకోండి. నీరు ఉప్పు వెంట పోతుంది. ఇకముందు చెప్పబోయేదంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

నీరు దాటడానికి పొరలో ప్రత్యేకమైన ద్వారాలున్నాయని ఖాయంగా తెలిసింది 1992లో. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఆగ్రే బృందానికి ఎర్ర రక్తకణాల పొరలో ఒక ప్రోటీన్ విరివిగా కనిపించింది. అది ఏ పని చేస్తుందో అప్పటికి తెలియదు. తేల్చడానికి వాళ్లు ఒక ఆఫ్రికా జాతి కప్ప అండాలను తీసుకున్నారు. కప్ప అండం మంచినీళ్లలో పడినా ఉబ్బదు, దాని పొర నీటిని అంత తేలిగ్గా రానివ్వదు. ఆ అండాల్లోకి ఈ ప్రోటీన్‌ను తయారుచేయించే ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి, ప్రోటీన్ తయారయ్యేదాకా ఆగి, ఉప్పు బాగా తక్కువున్న ద్రావణంలో వేశారు. చూస్తుండగానే అండాలు ఉబ్బాయి, నిమిషాల్లో పగిలిపోయాయి. పక్కన వేసిన మామూలు అండాలు అలాగే ఉన్నాయి. ఆ ప్రోటీన్ నీటి ద్వారమని అలా రుజువైంది. దానికి ఆక్వాపోరిన్ అని పేరు. ఒక్క ద్వారం గుండా సెకనుకు వంద కోట్లకు పైగా నీటి అణువులు వరసగా దాటుతాయి. 2003లో ఆగ్రేకి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పొటాషియం అయాన్ల ద్వారం ఎలా కట్టి ఉందో తేల్చిన రోడెరిక్ మెకిన్నన్ ఆ బహుమతిలో సగం పంచుకున్నారు.

అయితే ద్వారం ఎన్ని కోట్ల అణువులను దాటించినా, నీరు ఎటు నడవాలో నిర్ణయించేది అది కాదు. నీటిని నేరుగా తోడిపోసే పంపు మన కణాల్లో లేదు. నీటిని ఒక వైపు నడిపించాలంటే శరీరం ముందు ఉప్పును ఆ వైపు నడిపించాలి. మరి ఉప్పును నడిపించేది ఎవరు?

ఇక్కడే కణానికి ఖర్చు మొదలవుతుంది. కణాల బయట, రక్తంలో, లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల సోడియం ఉంటుంది. కణం లోపల పది, పన్నెండుకు అటూ ఇటూగా ఉంటుంది. పొటాషియం దీనికి తలకిందులు, లోపల 140 దాకా, బయట నాలుగైదు. ఈ తేడా దానంతట అది నిలవదు. దాన్ని రేయింబవళ్లు నిలబెడుతున్నది పొరలో ఉన్న సోడియం–పొటాషియం పంపు. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో యెన్స్ స్కౌ అనే శాస్త్రజ్ఞుడు పీతల కాళ్లలోని నరాలను తీసి పరిశోధించి 1957లో దీన్ని గుర్తించాడు. ఒక్కో విడతకు ఈ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. విడతకొక ఏటీపీ అణువు ఖర్చు, కణానికి శక్తినిచ్చేది ఆ అణువే. మనం కదలకుండా పడుకుని ఉన్నా శరీరం వాడే శక్తిలో ఇంచుమించు ఐదో వంతు ఈ పంపులకే పోతుంది. నలభై ఏళ్ల తర్వాత, 1997లో స్కౌకి నోబెల్ బహుమతి లభించింది.

ఏటీపీ అన్నాక మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ముందుకు పోలేను. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల మీద పనిచేసి, 1929లో ఏటీపీని లోకానికి వెల్లడించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. సుబ్బారావు గారు యౌవనంలో తన సోదరులను పోగొట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బుకు. చిన్నపేగు గోడ తిన్నదాన్ని పీల్చుకునే శక్తిని కోల్పోవడమే ఆ జబ్బు. తర్వాతి కాలంలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు ఔషధమైంది. పేగు గోడ జబ్బు ఇంట్లోవాళ్లను తీసుకుపోతే, ఆ పేగు గోడకు మందు కనిపెట్టించిన మనిషి ఆయన. అదే గోడలోని పంపులు ప్రతి క్షణం ఖర్చుపెట్టే ఏటీపీని లోకానికి తెలియజెప్పిన వాళ్లలోనూ ఆయన ఉన్నారు.

ఇప్పుడు ఆ పంపు వల్ల వచ్చే మేలు చూద్దాం. ఇంటి మీద ట్యాంకుకు మోటారుతో నీళ్లెక్కిస్తాం. ఆ తర్వాత ఒక్కో కుళాయికి ఒక్కో మోటారు అక్కర్లేదు, ఎత్తు నుంచి దిగే నీరే పని జరిపిస్తుంది. కణం కూడా సోడియాన్ని బయటికి తోడి అలాంటి ఎత్తుపల్లాలు కల్పించుకుంటుంది. బయట ఎక్కువ, లోపల తక్కువ కాబట్టి సోడియం ఎప్పుడూ లోపలికి రావడానికే చూస్తుంది. ఆ వచ్చే ఊపును వాడుకుని కణం ఇంకో పదార్థాన్ని కూడా తనలోకి తెచ్చుకోగలదు.

ఆ ఇంకో పదార్థమే గ్లూకోజు. 1960 ఆగస్టులో ప్రాగ్ నగరంలో జరిగిన ఒక శాస్త్ర సమావేశంలో రాబర్ట్ క్రేన్ అనే అమెరికన్ జీవరసాయన శాస్త్రజ్ఞుడు ఈ సంగతి ప్రతిపాదించాడు. చిన్నపేగు కణం గ్లూకోజును విడిగా తీసుకోదు, సోడియంతో జతగా తీసుకుంటుందని. పేగులోపలి వైపు తెరుచుకుని ఉన్న ద్వారంలో రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజు అణువు కుదురుకుంటాయి. అప్పుడా ప్రోటీన్ ఆకారం మారుతుంది. బయటి వైపు మూసుకుని, కణం లోపలి వైపు తెరుచుకుంటుంది. మూడూ లోపలికి జారతాయి. ఈ ప్రోటీన్‌కు ఇప్పుడు ఎస్‌జీఎల్‌టీ1 అని పేరు. దాన్ని తయారుచేసే జన్యువును 1987లో ఎర్నెస్ట్ రైట్ బృందం వేరుచేసింది.

కథ అక్కడితో ఆగదు. లోపలికి వచ్చిన సోడియాన్ని కణం అవతలి వైపున ఉన్న పంపు ఏటీపీ ఖర్చుపెట్టి రక్తం వైపు తోసేస్తుంది. గ్లూకోజు తనకున్న మరో ద్వారం గుండా అటే దిగుతుంది. వాటి వెంట క్లోరైడ్ వస్తుంది. ఉప్పు రక్తం వైపు వచ్చింది కాబట్టి నీరు దాని వెంట అటే వస్తుంది. మన పేగులోకి రోజూ ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. మనం తాగేది అందులో రెండు లీటర్లు. మిగిలినది లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు తానే ఊరించే రసాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇంత ద్రవంలోనూ మలంతో బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. మిగతాదంతా పేగు గోడ తిరిగి రక్తంలోకి చేరుస్తుంది.

ఈ ఏర్పాటును కలరా తలకిందులు చేస్తుంది. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే వైద్య శాస్త్రజ్ఞుడు, కలరా క్రిమి విడుదల చేసే విషమే నీళ్ల విరేచనాలకు కారణమని కుందేళ్ల పేగుల మీద చేసిన ప్రయోగాలతో చూపించాడు. ఆ విషం పేగు గోడను కోసెయ్యదు, పుండు చెయ్యదు. కణంలోపలి సంకేతాలను మార్చి, క్లోరైడ్ బయటికి పోయే ద్వారాన్ని మూసుకోనివ్వకుండా చేస్తుంది. క్లోరైడ్ పేగులోకి కారిపోతుంది. దాని వెంట సోడియం పోతుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు దాకా నీరు బయటికి పోవచ్చు. బలంగా ఉన్న మనిషి తెల్లారేసరికి కళ్లు గుంటలు పడి, చేతివేళ్ల చర్మం ముడుచుకుపోయి, నాడి అందకుండా పడి ఉండటం మన పెద్దలు ఊళ్లకు ఊళ్లలో చూశారు. చికిత్స అందకపోతే తీవ్ర కలరా వచ్చినవాళ్లలో సగం మంది దాకా చనిపోతారు. సరైన చికిత్స అందితే నూటికి ఒక్కరు కూడా పోరు.

ఇంత చేసినా కలరా విషం ఒక్క ద్వారాన్ని ముట్టుకోదు. సోడియం, గ్లూకోజు జతగా వచ్చే ద్వారం ఆ జబ్బులోనూ పనిచేస్తూనే ఉంటుంది. ఇప్పుడు మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఉత్త నీళ్లు పడితే వాటిని లోపలికి నడిపించే ఉప్పు లేదు. ఉత్త ఉప్పునీళ్లు పడితే ఆ ఉప్పుకు దారి తెరిచే, చక్కెరలోని గ్లూకోజు లేదు. రెండూ కలిపి పడితే చక్కెర ఉప్పును తెస్తుంది, ఉప్పు నీటిని తెస్తుంది.

ఇది రోగుల దగ్గరికి చేరడానికి కొన్నేళ్లు పట్టింది. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే యువ వైద్యులు కలరా రోగుల మీద పరీక్షించి, నోటి ద్వారా ఇచ్చే ఈ ద్రావణం వల్ల సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని చూపించారు. అయినా పెద్ద ఆసుపత్రి బయట, చదువుకోని జనం చేతుల్లో ఇది పనిచేస్తుందా అని వైద్యులకు అనుమానం. ఆ అనుమానం తీరింది 1971లో. తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. సరిహద్దు దగ్గరి బంగావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ ఎక్కించాలంటే వైద్యుడు వాంతులు, విరేచనాల మధ్య మోకాళ్ల మీద కూర్చోవాలి. పైగా సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. అక్కడి బాధ్యత చూస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలకత్తాలో కొలత ప్రకారం తూయించి, ప్లాస్టిక్ సంచుల్లో కట్టించి తెప్పించారు. వాటిని నీళ్లలో కలిపి పెద్ద డ్రమ్ములకు పోశారు. రోగి పక్కనున్న తల్లో, అన్నో, భార్యో గ్లాసుతో పట్టుకొచ్చి తాగించారు.

మూడు వేల మందికి పైగా రోగులు అలా చికిత్స పొందారు. అంతకుముందు నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన శిబిరంలో నూటికి నాలుగు లోపుకు దిగాయి. నర్సు లేకపోయినా, సూది లేకపోయినా, ఇంటి మనుషులు ప్రాణం నిలబెట్టగలరని బంగావ్ రుజువు చేసింది. 1978లో లాన్సెట్ వైద్య పత్రిక, చక్కెర ఉప్పును వెంట తెస్తుందన్న ఈ జ్ఞానాన్ని ఆ శతాబ్దపు గొప్ప వైద్య విజయాల్లో అగ్రస్థానంలో నిలపదగినదిగా పేర్కొంది. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇక ఈ ద్రావణం కోసం ఇప్పుడు మనకు దొరికే ఓఆర్‌ఎస్ పొట్లం సంగతి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్న కొలత ఇది. లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. సోడియం, గ్లూకోజు లీటరుకు చెరో 75 మిల్లీమోల్‌లు వచ్చేలా దీన్ని లెక్కకట్టారు. మొత్తం గాఢత 245. మన రక్తం గాఢత సుమారు 290. అంటే ఈ ద్రావణం రక్తం కంటే పలుచన. అందుకే నీరు పేగులోంచి రక్తం వైపు మళ్లుతుంది. అంతకుముందు వాడిన పాత కొలత గాఢత 311 ఉండేది. దాన్ని తగ్గించాక విరేచనాల పరిమాణమూ, సెలైన్ అవసరమూ తగ్గాయని పరీక్షల్లో తేలింది.

కొలత ఎందుకు ముఖ్యమో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. చక్కెర అతిగా ఉన్న పానీయం పేగులోకి చేరితే ఆ ద్రవం గాఢత రక్తం కంటే పెరిగిపోతుంది. అప్పుడు మామిడి ముక్కలకు జరిగిందే బిడ్డకూ జరుగుతుంది. ఒంట్లోని నీరు పేగులోకి వస్తుంది, విరేచనం ఎక్కువవుతుంది. ఓఆర్‌ఎస్ అని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, లోపల తియ్యటి పళ్లరసం లాంటివి పోసి అమ్మిన పానీయాలు మన మందుల షాపుల్లో ఏళ్ల తరబడి ఉన్నాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్లపాటు పట్టువదలకుండా పోరాడారు. 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఒక్క వైద్యురాలి పట్టుదల దేశంలోని పిల్లలందరికీ రక్షణ అయింది. ఆమెకు మనమంతా రుణపడి ఉన్నాం. షాపులో అడిగేటప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనది అని పొట్లం మీద రాసి ఉందో లేదో చూసి తీసుకోండి.

కాగితం, కలం దగ్గరుంటే ఈ నాలుగు మాటలు రాసుకోండి. పొట్లం మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉందో అన్ని నీళ్లలోనే, పొట్లం మొత్తాన్ని ఒకేసారి కలపాలి. లీటరు పొట్లాలూ ఉన్నాయి, 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న పొట్లాలూ ఉన్నాయి, చూసుకోవాలి. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కలిపిన ద్రావణం 24 గంటలు దాటితే పారబోసి, కొత్తది కలుపుకోవాలి. చక్కెర ఇంకా వేయడం, పాలల్లోనో జ్యూసులోనో కలపడం పనికిరాదు.

రెండేళ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దపిల్లలకు 100 నుంచి 200 మిల్లీలీటర్లు పట్టాలి. పాలసీసాతో గటగటా తాగిస్తే కక్కేస్తారు. చెంచాతోనో, ఉగ్గుగిన్నెతోనో కొద్దికొద్దిగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నిదానంగా మళ్లీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి, పెద్దపిల్లలకు అన్నం ఆపకండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు, డాక్టరు చెప్పిన ప్రకారం 14 రోజులు వెయ్యాలి. విరేచనాలు ఆగినా మధ్యలో మానకూడదు.

పొట్లం అందుబాటులో లేదనుకోండి. లీటరు శుభ్రమైన నీటిలో, తలకొట్టిన చిన్న చెంచాలతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు వేసి కరిగించండి. మళ్లీ చెబుతున్నాను. లీటరు నీళ్లు, ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం, కాబట్టి ఉజ్జాయింపుగా గుప్పిళ్లతో వెయ్యకండి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు వేసిన మజ్జిగ కూడా పొట్లం వచ్చేదాకా పట్టవచ్చు. గంజిలోని పిండిపదార్థం పేగులో గ్లూకోజుగా విడిపోతుంది, కాబట్టి అదీ ఆ జత ద్వారాన్నే తెరుస్తుంది. మన అమ్మమ్మలు జబ్బుపడ్డవాళ్లకు ఉప్పుగంజి పట్టడంలో ఎంత సారముందో చూడండి.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, మలంలో రక్తం పడినా, చాలాసేపటి నుంచి ఒంటికి వెళ్లకపోయినా, పొట్ట మీద చర్మాన్ని వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా ఇక ఇంట్లో ఉంచకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. అంతదాకా వచ్చినప్పుడు సెలైన్ అవసరమవుతుంది. దారిలో కూడా తాగగలిగితే కొద్దికొద్దిగా పడుతూనే ఉండండి.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. రక్తకణాల కొవ్వును నీటి మీద పరిచినవాళ్లు గానీ, పీతల కాళ్ల నరాలను శోధించిన స్కౌ గానీ విరేచనాలకు మందు వెతుకుతూ బయలుదేరలేదు. కణం చుట్టూ ఉన్న పొర ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల వాళ్లది. ఆ జ్ఞానం ఒకదాని మీద ఒకటి పేరుకుని కోట్ల ప్రాణాలను నిలబెట్టింది. ఇవాళ మధుమేహానికి వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు కూడా ఈ దారిలోనే వచ్చాయి. పేగులోని జత ద్వారానికి తోబుట్టువు లాంటి ద్వారం మూత్రపిండాల్లో ఉంది. దాన్ని అడ్డుకుంటే ఎక్కువైన చక్కెర మూత్రంతో బయటికి పోతుంది. కాబట్టి బడిలో మీ పిల్లలు విసరణ, ద్రవాభిసరణ అని చదువుతుంటే, అది మార్కుల కోసం బట్టీపట్టి వదిలేసే పాఠం కాదని చెప్పండి. బంగాళాదుంప ముక్కను ఉప్పునీళ్లలో ఒకటి, మంచినీళ్లలో ఒకటి వేసి చూపించండి. ఆ పాఠానికీ, చెల్లాయికి పట్టే ఓఆర్‌ఎస్‌కూ ఉన్న సంబంధం విప్పి చెప్పండి.

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది దాదాపు 60 శాతం మందికే. అంటే ప్రతి పదిమందిలో నలుగురికి, అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే పొట్లం కూడా చేరలేదు. ఈ నలుగురి కోసం కొత్త మందు కనిపెట్టనక్కర్లేదు. తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పాలి, అంతే. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి ఇంట్లో రెండు పొట్లాలు తెచ్చి పెట్టుకోండి. కలిపే పద్ధతి ఇంట్లో ఒకరికి కాదు, అందరికీ నేర్పండి. పక్కింట్లో పసిబిడ్డ ఉంటే వాళ్లకూ చెప్పండి.